పూత మీద అన్న మాట

కోటేశ్వరికి తెల్లారడమే బియ్యం కడుగునీళ్ళతో తెల్లారేది. ఎసరు పెట్టి, బియ్యం కడిగిన నీళ్ళు చెంబులోకి వంచుకుని, గోవిందా గోవిందా అనుకుంటూ పెరట్లోకి వచ్చి చిక్కుడు పాదు మొదట్లో పోసేది. తర్వాత నీళ్ళ పొయ్యిలోంచి చల్లారిన బూడిద గుప్పెడు తెచ్చి, పేనుబంక పట్టిన చిగుళ్ళ మీద వేళ్ళ సందుల్లోంచి రాల్చేది. మొగుడు యలమంద మిరప చేలో కొట్టగా మిగిలిన మందు ఓ గ్లాసుడు దీని మీదా కొడతానని ప్రతి ఏడూ అనేవాడు. నోట్లో పెట్టుకునేదానికి ఆ విషం ఎందుకండీ అని ప్రతి ఏడూ ఆమె వద్దనేది.

చిలకలూరిపేటకి ఏడు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో చిక్కుడు పాదు లేని ఇల్లు తక్కువే. అయినా కోటేశ్వరి పాదు తీరు వేరు. ఆషాఢంలో మోకాలి లోతు గుంట తీసి, మాగిన పేడ ఎరువు నింపి, రాత్రంతా నానేసిన గింజలు ఐదు పెట్టేది. మొలిచినవాటిలో బలంగా ఉన్న రెండింటిని ఉంచి తక్కినవి పీకేసేది. తీగ సాగేటప్పుడు ఎండిన పత్తికట్టె ఆనించి పందిరెక్కించేది. ఆ పందిరి రాటలు మూడు ఇటు, మూడు అటు. నడుమ గుండెలెత్తు గోడ. గోడకి అటువైపు ఇల్లు కరీమున్‌ది. ఇటు ఎండ చాలదు, అటు మట్టి చౌడు. అందుకని ఆ ఇద్దరి అత్తలూ వాళ్ళ రోజుల్లోనే ఒక మాటనుకున్నారు. మొదలు ఇటు, పందిరి ఇద్దరికీ.

ఆ పాదుకు ఇంకో గుణం ఉంది. పూత మీదున్నప్పుడు పందిరి కింద ఎవరేమన్నా, ఆ వేళ విచ్చుకున్న పువ్వు కాయయ్యాక ఆ మాట కాయలో ఉండిపోతుంది. కూరకని ఈనె లాగినప్పుడు, పుల్ల గుచ్చినప్పుడు, అన్నవాళ్ళ గొంతుతోనే బయటికొస్తుంది. ఒక్కసారే. తర్వాత అది మామూలు చిక్కుడుకాయ. అందుకని పూతకాలంలో ఆ రెండిళ్ళ వాళ్ళూ పోట్లాడుకోవాలంటే వీధిలోకి వెళ్ళేవాళ్ళు. యలమందకి వ్యాపారి మీద కోపమొస్తే గేటు దాటి రోడ్డు మీద నిలబడి తిట్టి వచ్చేవాడు. కోటేశ్వరి అత్తగారు పూత మొదలైన నాటినుంచి పందిరి కిందే విష్ణుసహస్రనామం చదివేది. ఆ కాయలు వండుకున్న ఇళ్ళల్లో పొద్దున్నే రెండు నామాలు వినపడేవి. ఒక ఏడు కరీమున్ మొగుడు సుభానీ, ఆటో కొన్న సంతోషంలో పందిరి కింద మంచమేసుకుని నెల రోజులు సినిమా పాటలు పాడాడు. ఆ శీతాకాలమంతా వీధిలో ప్రతి వంటింట్లోనూ శ్రుతి తప్పిన సుభానీయే.

కోటేశ్వరి నెమ్మదిగల మనిషి. గట్టిగా మాట్లాడి ఎరగదు. వీధిలో ఎవరి తద్దినం ఏ తిథో, ఎవరి పిల్ల ఏ నక్షత్రమో ఆమె నోటికే ఉండేది. కష్టమొచ్చినవాళ్ళు ఆమె దగ్గర కూర్చుని లేచి వెళ్ళేవాళ్ళు. ఆమె మాటకి విలువుండేది. విలువున్న మాట గనకే ఆ తర్వాత జరిగిందంతా జరిగింది.

ఆమె కూతురు భవ్య, కరీమున్ కూతురు అర్ఫా ఒకే ఈడువాళ్ళు. ఒకే బస్సులో పేటకి వెళ్ళి ఒకే కాలేజీలో బీకాం చదివారు. చదువైపోయి రెండేళ్ళయినా ఇద్దరికీ పని దొరకలేదు. ఆ ఏడు హైవే మీదున్న ఒక స్పిన్నింగు మిల్లులో ఆఫీసు పని ఒకటి ఖాళీ పడింది. కంప్యూటరు దగ్గర కూర్చోవాలి, స్టోరు గదుల తాళాలు చూసుకోవాలి. ఇద్దరూ పెట్టుకున్నారు.

ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం మిల్లు మేనేజరు గారి భార్య సుబ్బరావమ్మ గారు కోటేశ్వరి ఇంటికి వచ్చారు. ఏటా రథసప్తమికి ఈ పాదు కాయలే తీసుకెళతారు, ఆ పరిచయం. కోటేశ్వరి నులక మంచం మీద దుప్పటి పరిచి పందిరి నీడన కూర్చోబెట్టింది. కూర్చోబెట్టేముందు అలవాటుగా తలెత్తి చూసింది. ఇటంతా ఆకే. ఒక్క పువ్వు లేదు.

అటువైపు ఎండ ఎక్కువ. పూత పదిరోజులు ముందే వస్తుంది. గోడ మీద నుంచి తొంగి చూడాలని ఆమెకి తోచలేదు.

తాంబూలం ఇస్తుండగా సుబ్బరావమ్మ గారు విషయానికి వచ్చారు. "ఇద్దరూ మీ వీధి పిల్లలే. మీ అమ్మాయి సంగతి నాకు తెలుసు. ఆ సాయిబుల పిల్ల ఎట్టాంటిది కోటేశ్వరీ? మార్కుల్లో తనే ముందంట. మా వారికి తనకే ఇద్దామని ఉంది. తాళాలు చేతికిచ్చే పని కదా, నీ చెవిన కూడా ఒక మాట వేద్దామని."

తమలపాకుకి సున్నం రాస్తున్న కోటేశ్వరి వేలు ఒక్క క్షణం ఆగింది.

"మంచి పిల్లేనండీ. నా చేతుల్లో పెరిగింది. రెండేళ్ళ కింద మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం నాడు వెండి కుంకుమ భరిణె కనపళ్ళా. ఆ రోజు పొద్దుటినుంచీ ఇల్లంతా తిరిగి పని చేసింది ఆ పిల్లే పాపం. కంటితో చూడనిది నేను చెప్పకూడదు. నాకెందుకులెండి, అన్నీ ఆ స్వామికి తెలుసు."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. భరిణె కనపడకపోవడం నిజం. అర్ఫా ఇల్లంతా తిరిగిందీ నిజం. ఆ సాయంత్రమే, పేరంటాళ్ళకి ఇవ్వగా మిగిలిన జాకెట్టు ముక్కలు మడత పెడుతుంటే వాటి మధ్యలోంచి భరిణె జారి పడింది. ఆ ఒక్క మాటే కోటేశ్వరి చెప్పలేదు. సుబ్బరావమ్మ గారు తమలపాకు బుగ్గన పెట్టుకుని, తలూపి, వెళ్ళిపోయారు.

పది రోజుల్లో భవ్యకి కబురొచ్చింది. కోటేశ్వరి స్వామికి కొబ్బరికాయ కొట్టి, సగం చిప్ప పంచదార పోసి కరీమున్‌కి కూడా ఇచ్చింది. కరీమున్ కళ్ళకద్దుకుని తిన్నది. తింటూ గోడకి చేతులానించి అడిగింది, "మా పిల్లకేం తక్కువైందంటావక్కా?" దేవుడు ఎట్టా రాస్తే అట్టా జరుగుతుంది కరీమూ అన్నది కోటేశ్వరి. అనేశాక నాలుక మీద పంచదార చేదుగా తగిలింది.

మిల్లులో పుట్టిన మాట ఊళ్ళోకి రావడానికి నెల పట్టలేదు. ఆ పిల్లకి చెయ్యి అంత మంచిది కాదంట అని ఎవరో ఎవరితోనో అన్నారు. కరీమున్ జాకెట్లు కుట్టే మనిషి. వీధిలో సగం గుడ్డలు ఆమె మిషను మీదే కుట్టుబడేవి. గుడ్డలు తగ్గినయ్. ఇప్పుడు కుట్టించట్లేదులే, పండగ పోనీలే అంటూ ఒక్కొక్కరూ వేరే ఊరి దర్జీ దగ్గరికి మళ్ళారు. ఆడవాళ్ళ కొలతలు, ఇళ్ళ గుట్లు తెలిసిన మనిషిని ఏ మాటా అనకుండానే దూరం పెట్టారు. అర్ఫా కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి పోవడం మొదలెట్టింది. సాయంత్రం వచ్చి, మండే చేతులు మజ్జిగ గిన్నెలో ముంచుకుని అటువైపు అరుగు మీద కూర్చునేది. తల్లీకూతుళ్ళకి ఎందుకిలా అయిందో అప్పటికింకా తెలియదు. ఇటువైపు కోటేశ్వరికి ఆ గిన్నెలో వేళ్ళు కదిలే చప్పుడు వినపడేది.

కార్తీకంలో ఒక రోజు గోడ అవతలి నుంచి కరీమున్ అన్నది. "అక్కా, మా వైపు గెలలు ముందే దిగినయ్. రేపు కోస్తా. భవ్యకి ఇష్టంగదా, అటు కూడా పంపిస్తా."

గెలలు ముందే దిగినయ్ అన్న మాట కోటేశ్వరి చెవిలో పడి, నెమ్మదిగా కిందికి దిగింది. ముందే దిగాయంటే ముందే పూసినయ్. ముందే పూశాయంటే ఆ మధ్యాహ్నం.

ఇప్పుడు గోడ మీద నుంచి తొంగి చూసింది.

మర్నాడు మధ్యాహ్నం కరీమున్ లైనింగు గుడ్డ కోసం పేటకి బయల్దేరింది. సుభానీ ఆటో మీద, అర్ఫా కూలికి. కోటేశ్వరి వాళ్ళ గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళలో ఆ గేటు ఆమెను ఏనాడూ ఆపలేదు. మిషను ముందుండే ఇనప స్టూలు పందిరి కిందికి లాక్కుని, ఎక్కి, కాయలు కోసి కొంగులో వేసుకోవడం మొదలెట్టింది. లేతవి, ముదురువి అని చూడలేదు. చేతికందినదల్లా తెంపింది. సగం కోశాక గేటు చప్పుడైంది. బస్సు తప్పిపోయి కరీమున్ తిరిగొచ్చింది.

కోటేశ్వరి అట్లాగే నిలబడిపోయింది, కొంగు బరువుగా వేలాడుతూ.

"ఆ స్టూలు కాలు ఊగుద్దక్కా. ఉండు, పట్టుకుంటా," అన్నది కరీమున్. చేతిసంచి కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా స్టూలు పట్టుకుంది.

కార్తీక పూజకి కావాలి కరీమూ అన్నది కోటేశ్వరి, పైకే చూస్తూ. "అయితే అన్నీ కోసుకో. మాకు వెనక కాస్తయ్‌గా," అన్నది కరీమున్ కింద నుంచి. పైగా అందని గెలలు వేలుపెట్టి చూపించింది కూడా. కోటేశ్వరి అన్నీ కోసుకుంది.

ఇంటికొచ్చి గొడ్ల చావిడి వెనక్కి వెళ్ళి కూర్చుంది. పారేస్తే ఎవరైనా ఏరుకుంటారు. పాతిపెడితే మొలుస్తాయి. ఈనె తీసేస్తే మాట పోతుంది, తాను తప్ప ఇంకెవరూ వినరు. మొదటి కాయ ఈనె లాగింది. సుబ్బరావమ్మ గారి గొంతు, మార్కుల్లో తనే ముందంట అన్నది. రెండోది లాగింది.

"మంచి పిల్లేనండీ. నా చేతుల్లో పెరిగింది."

తన గొంతు అంత తీయగా ఉంటుందని కోటేశ్వరికి అంతవరకూ తెలియదు. కోపం లేదు, కసి లేదు. జ్వరమొచ్చిన పిల్లకి జావ తాగించేటప్పటి గొంతు. పాపం అన్నచోట నిజంగానే జాలి ఉంది. అన్నీ ఆ స్వామికి తెలుసు అన్నచోట చేతులు జోడించినట్టే వినపడింది. ఇంకో కాయ, ఇంకో కాయ. ప్రతి దాంట్లోనూ అదే మెత్తదనం. ఒక్కచోటైనా గొంతు వణికుంటే బాగుండునని ఆమె వెతుక్కుంది. ఎక్కడా వణకలేదు.

తర్వాతి గెలలోని కాయలు పందిరి చివరివి. అవి మెల్లగా, గుసగుసగా మాట్లాడాయి. మొదట అర్ఫా. "అమ్మా, పెద్దమ్మని నా గురించే అడుగుతోంది. ఉండు, విందాం."

ఇంకో ఈనె లాగితే కరీమున్. "తప్పు. పెద్దమ్మ నీ గురించి మంచి చెప్పేటప్పుడు చెవులప్పగించి కూర్చుంటావా? దిష్టి తగులుద్ది. లేచి లోపలికి రా."

ఆ తర్వాతి దాంట్లో అర్ఫా నవ్వు, దగ్గరకేసిన తలుపు చప్పుడు.

కోటేశ్వరి ఆ కాయ పక్కన పెట్టింది. వాళ్ళు వినకపోవడం దేవుడి దయ అనుకుంది ఇన్నాళ్ళూ. వినకూడదని లేచి వెళ్ళారని ఇప్పుడు తెలిసింది. మిగిలినవి ఈనెలు తీసి బర్రె ముందు పోసింది. బర్రె మామూలుగానే తిన్నది.

ఆ మర్నాటినుంచి ఆమెకి పూజ సాగలేదు. సహస్రనామం మొదలెట్టగానే తన గొంతు తనకి వినపడేది. స్వామి ముందూ అదే గొంతు, సుబ్బరావమ్మ గారి ముందూ అదే గొంతు. నామం మధ్యలో ఆపి, పుస్తకం మూసి, దీపం ముందు ఊరికే కూర్చునేది. మూడుసార్లు కరీమున్ ఇంటికి వెళ్ళింది. ఒకసారి సూది అడిగి తెచ్చుకుంది. ఒకసారి చింతపండు ఇచ్చి వచ్చింది. మూడోసారి కరీమున్ టీ పెట్టి ఇచ్చి, నువ్వొక్కదానివే అక్కా ఇదివరకట్లా వస్తోంది అన్నది. కోటేశ్వరి ఆ టీ తాగి వచ్చింది.

యలమందతో చెప్పుకుంది. అతను చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అంతా విని, చెంబు పక్కన పెట్టి, పిల్ల ఉద్యోగం పోగొట్టుకుంటావా, నోరు మూసుకుని ఉండమన్నాడు. అన్నాడే గానీ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

చివరికి కూతురికి చెప్పింది. భవ్య ఆదివారం తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. చిన్నప్పటినుంచీ ఒక కంచంలో తిన్న స్నేహం. ఇప్పుడు బస్సులో ఎదురైతే అర్ఫా కిటికీలోంచి బయటికి చూస్తుంది.

"ఉద్యోగం నాకొచ్చిందని దానికి కుళ్ళనుకున్నా," అన్నది భవ్య, తల్లి వంక చూడకుండా. "మిల్లులో మూడు నెలల్నించీ అంటున్నారు, మీ వీధిలో ఆ దొంగపిల్ల ఎట్టా ఉందని. నేను నవ్వి ఊరుకున్నానమ్మా. కాదని ఒక్కసారి కూడా అనలేదు. అంటే నేను కూడా నమ్మానేమో."

"నువ్వే చెప్పాలి. నేను చెప్పను," అని జుట్టు ముడేసుకుని లోపలికి వెళ్ళింది. మర్నాడు మామూలుగానే టిఫిను డబ్బా పట్టుకుని ఉద్యోగానికి వెళ్ళింది. చేతిలో ఉన్న పని వదలడం ఎవరికి మాత్రం తేలిక.

పుష్యమాసంలో చలికి పాదు రెండువైపులా ఒక్కసారిగా పూసింది. ఊదా గెలలు పందిరి నిండా లేచి నిలబడ్డాయి. ఇంకో ఇరవైయ్యొక్క రోజులకి రథసప్తమి. ఆ పొద్దున వీధిలో ప్రతి ముంగిట్లోనూ పిడకల దాలి మీద పరమాన్నం పొంగిస్తారు. చిక్కుడుకాయలకి చీపురుపుల్లలు గుచ్చి సూర్యనారాయణమూర్తికి రథం కడతారు, చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు. ఎవరి పాదు వాళ్ళకున్నా, ఆనవాయితీగా వీధి మొత్తానికి కాయలూ ఆకులూ వెళ్ళేది ఈ పందిరి నుంచే.

కోటేశ్వరి ఆ పొద్దున తలస్నానం చేసి, దీపం పెట్టి, పందిరి కిందికి వచ్చి నిలబడింది. అటువైపు మిషను చప్పుడు వినపడుతోంది.

"కరీమూ," అని పిలిచింది. "మిషను ఆపు కాసేపు. లోపలికి వెళ్ళమాక. అక్కడే కూర్చుని విను."

మిషను ఆగింది. ఏందక్కా అన్నది కరీమున్.

కోటేశ్వరి నోటి నుంచి మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, మెత్తగా కాదు, బొంగురుగా. "భరిణె దొరికింది. వ్రతం నాటి సాయంత్రమే దొరికింది, మా జాకెట్టు ముక్కల్లోనే. అర్ఫా దాని జోలికి పోలేదు. దొరికిందని నాకు తెలుసు. తెలిసీ సుబ్బరావమ్మ గారికి పోయిందని చెప్పాను, దొరికిందని చెప్పలేదు. భవ్యకి పని రావాలని. నీకు గుడ్డలు రాకపోవడం, పిల్ల చేతులు మండటం, అంతా నా నోటి వల్లే."

పందిరి మీద తేనెటీగలు మాత్రం కదిలాయి. తర్వాత అటువైపు ఇనప స్టూలు జరిగిన చప్పుడు, మిషను ఎత్తుకుని లోపలికి మోసుకుపోతున్న చప్పుడు. తలుపు వేసుకుంది కరీమున్. గట్టిగా కూడా వేయలేదు.

పువ్వులు రోజుకిన్ని విచ్చుకుంటాయి. నిన్న చెప్పింది ఇవాళ్టి పువ్వుకి తెలియదు. అందుకని కోటేశ్వరి రోజూ చెప్పింది. పొద్దున్నే సహస్రనామం చదివే వేళకి పందిరి కింద నిలబడి, ఒక రోజు ఈ చివర, ఒక రోజు ఆ చివర, భరిణె దొరికింది దగ్గర మొదలుపెట్టి చివరిదాకా చెప్పేది. కొన్ని రోజులు ఏడుపొచ్చి సగంలో ఆగేది. అటువైపు అరుగు ఖాళీగా ఉండేది. పూత ఉన్న పదకొండు రోజులూ ఖాళీ అరుగుకే చెప్పింది. కరీమున్ ఆ రోజుల్లో గోడ దగ్గరికి రాలేదు. వీధిలో ఎదురైతే పక్కకి తప్పుకునేది, అత్తగారి తరఫు పెద్దవాళ్ళకి దారిచ్చినట్టు మర్యాదగా. తిట్టుంటే బాగుండేది.

రథసప్తమి ముందునాడు ఇంటింటికీ కాయలు, ఆకులు పంచిపెట్టింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. సుబ్బరావమ్మ గారి వంతు సంచిలో పోసి భవ్యకి ఇచ్చింది. భవ్య సంచి తీసుకుని, గూట్లోంచి స్టోరు తాళాల గుత్తి కూడా తీసి అందులో వేసుకుంది. వేస్తుంటే తాళాలు కాయల మీద పడి గలగలమన్నాయి. సాయంత్రం ఉత్త చేతులతో తిరిగొచ్చి, తల్లి పక్కన కూర్చుని పుల్లలు సమానంగా తుంచి పెట్టింది.

తెల్లవారింది. స్నానాలైనాయి. ముంగిళ్ళలో రథం ముగ్గుల మధ్య దాలి రాజుకుంది. మొదటి పుల్ల ఎవరు గుచ్చారో గానీ, వీధి మొదట్లో ఒక ముంగిట్లోంచి బొంగురు గొంతు లేచింది. భరిణె దొరికింది. పక్కింట్లోంచి, వ్రతం నాటి సాయంత్రమే. ఆ పక్కింట్లోంచి, అర్ఫా దాని జోలికి పోలేదు. ఒక ముంగిట్లో మొదలు, ఇంకో ముంగిట్లో చివర. అంతా నా నోటి వల్లే, అంతా నా నోటి వల్లే అని నాలుగు ఇళ్ళలో ఒకేసారి వినపడింది. ఆడవాళ్ళ చేతులు ఆగాయి. కానీ రథం సగంలో ఆపకూడదు, సూర్యుడు లేచే వేళవుతోంది. కాబట్టి ఒక్కో పుల్లా గుచ్చుతూనే ఉన్నారు, ఒక్కో మాటా వింటూనే ఉన్నారు.

ఎదురింటి గురవమ్మ పాలు పొంగుతుంటే చూసుకోకుండా లేచి నిలబడింది. "ఇదా కోటేశ్వరీ, నీ గోవింద గోవింద?" అన్నది, వీధి మొత్తానికీ వినపడేలా.

అవునొదినా అన్నది కోటేశ్వరి. తలెత్తలేదు. తన రథం తాను కట్టుకుంటోంది. అది కూడా మాట్లాడుతోంది. చక్రాలు పెట్టి, ఆకుల్లో పరమాన్నం వడ్డించి, సూర్యుడికి చూపించి దణ్ణం పెట్టింది. ఏమీ కోరుకోలేదు.

తొమ్మిదింటికి వీధిలోకి కారు వచ్చింది. సుబ్బరావమ్మ గారు దిగారు. ఏటా ఈ రోజు కోటేశ్వరి చేతి ప్రసాదం తినకుండా వెళ్ళరు. ఈసారి గేటు దగ్గర నిలబడ్డ కోటేశ్వరిని చూసి, చూడనట్టే దాటి, పక్క గేటు తీసుకుని వెళ్ళారు.

కోటేశ్వరి పెరట్లోకి వచ్చి గోడకి ఇవతల నిలబడింది. దాక్కోలేదు, అట్లా అని కనపడాలనీ నిలబడలేదు. అటువైపు కరీమున్ కుర్చీ వేసింది. సుబ్బరావమ్మ గారు కూర్చోకుండానే, పొరపాటైంది తల్లీ, రేపట్నించే రా, తాళాలు నీవే అని అర్ఫాతో చెప్పారు. ఇంట్లో వాళ్ళందరూ పొద్దున్నే విన్నారని, మేనేజరు గారు తనను పిలిచి చీవాట్లు పెట్టారని కూడా చెప్పారు.

అర్ఫా మజ్జిగ గిన్నెలోంచి చేతులు తీసి పైటకి తుడుచుకుంది.

"వస్తానండీ. కానీ మీ ఇంట్లో వాళ్ళు విన్నారు, మా వీధి విన్నది. మిల్లులో వినలా. అక్కడ నన్ను దొంగంటున్నారు. నేను వెళ్ళి కాదని చెబితే ఎవరు నమ్ముతారు?" పందిరి వంక చూసింది. "నాలుగు కాయలు పట్టుకొస్తా. మధ్యాహ్నం అందరూ అన్నాలకి కూర్చున్నప్పుడు అక్కడ ఈనెలు తీస్తా. దానికి ఒప్పుకుంటే వస్తా."

మిల్లులోనా అన్నారు సుబ్బరావమ్మ గారు. మిల్లులోనే అన్నది అర్ఫా. సుబ్బరావమ్మ గారు కరీమున్ వైపు చూశారు. కరీమున్ కూతురి వైపు చూసింది, కాదనలేదు. సరే అన్నారు సుబ్బరావమ్మ గారు.

అర్ఫా పందిరి కిందికి వచ్చింది. పదకొండు రోజుల కాయల్లో ఆ వైపువి ఇంకా మిగిలే ఉన్నాయి. వాటిని ఎవరూ కోయలేదు. గోడ పక్కన చేతికందేంత కిందికి ఒక గెల వేలాడుతోంది. ఎర్రగా పొంగిన వేళ్ళు దాని మీదికి వెళ్ళాయి.

"గోడ పక్కవి వద్దమ్మా," అన్నది కోటేశ్వరి.

అర్ఫా చెయ్యి ఆగింది. అటు కరీమున్ తల తిప్పింది. ఇరవై రోజుల తర్వాత ఆ రెండు పెరళ్ళ మధ్య పడిన మొదటి మాట అది.

"అవి నాకు ఏడుపొచ్చి ఆగిపోయిన రోజువి. వాటిల్లో సగం సగమే ఉంటుంది. ఆ నడిమి రాట మీద గెలలు కోసుకో. వాటిల్లో మొత్తం చెప్పాను. నా పేరు, మీ పెదనాన్న పేరు, ఏ ఊరు, ఏ వీధి, అన్నీ చెప్పాను. ఎవరికీ అనుమానం ఉండదు."

అర్ఫా ఆమె వైపు చూడలేదు. చెయ్యి గోడ పక్క గెలను వదిలి, నడిమి రాట దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క కాయే చితక్కుండా తొడిమతో సహా తెంపడం మొదలుపెట్టింది.